చప్టా దాటిన బండి

హిందూపురం మెయిన్ బజారులో సిమెంటు, ఇనుము అమ్మే సంజీవప్ప రెండువేల ఐదో సంవత్సరం ఎండాకాలంలో ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాడు. నల్లటి బండి. దాని బానెట్టే మనిషి రొమ్ము ఎత్తున ఉండేది. గేరు రాడ్డు పక్కనే ఇంకో పొట్టి రాడ్డు. దాన్ని లాగితే ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందుతుందని, అప్పుడు బండి బురదలోనైనా ఇసుకలోనైనా ఆగదని అమ్మినవాళ్లు చెప్పారు.

ఇంటి నుంచి అంగడికి పది నిమిషాల నడక. అంగడి నుంచి బ్యాంకుకు రెండు వీధులు. చిలమత్తూరు దగ్గర ఉన్న పొలాన్ని గుత్తకిచ్చి ఏళ్లయింది, అక్కడికి కూడా తారు రోడ్డే. ఆ పొట్టి రాడ్డును సంజీవప్ప ఒకే ఒక్కసారి, కాలేజీ మైదానంలో స్నేహితులకు చూపించడానికి లాగాడు. మిగతా రోజుల్లో మెయిన్ బజారు తోపుడు బండ్ల మధ్య అంత పెద్ద బండిని తిప్పలేక చెమటలు కక్కేవాడు.

"మనకెందుకు ఇంత బండి?" అని భార్య నీలావతి అడిగింది. "వానే సక్కంగా పడని సీమ మనది. బురద యాడుండాది ఈడ?"

"దాంట్లో కూచుంటే ధైర్యంగా ఉంటాది. నీకు తెలీదులే" అన్నాడు.

తల్లి మారెమ్మకు డెబ్బై దాటాయి. మోకాళ్లు అరిగిపోయాయి. బండికి పూజ చేసిన రోజు ఎక్కబోతే కాలు అందలేదు. స్టూలు వేశారు. ఒక పక్క సంజీవప్ప, ఒక పక్క చిన్న కొడుకు జయరాముడు పట్టుకుని లేపినా నొప్పికి మూలిగింది. "ఇది బండి కాదురా నాయనా, అటక. దించండి నన్ను" అని నవ్వేసింది. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలన్నా జయరాముడి చిన్న కారులోనే వెళ్లేది. జయరాముడు హైస్కూలు టీచరు. అతని కారు పాతది, నేలకు ఆనుకున్నట్టు పల్లంగా ఉండేది. ముసలామెకు అదే సుఖం.

ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. అక్టోబరులో జయరాముడి కూతురు స్వాతికి పెళ్లి కుదిరింది. పట్టుచీరలు తీయడానికి అందరూ ధర్మవరం బయలుదేరారు. పెద్ద బండిలో సంజీవప్ప, నీలావతి. చిన్న కారులో జయరాముడు, అతని భార్య అరుణ, వెనక సీట్లో మారెమ్మ.

"చీర నేనే తీయాల. జరీ నా చేత్తో పట్టి చూడాల" అని ముసలామె ఇంటి దగ్గరే చెప్పింది. చెప్పినట్టే, ధర్మవరంలో నేతగాళ్ల ఇంట్లో చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని, విప్పించిన చీరలన్నీ వేళ్ల మధ్య నలిపి చూసి, చివరికి మామిడిచిగురు రంగు చీర ఒకటి మనవరాలికి తీసింది. మధ్యాహ్నం భోజనాల వేళకు వాన మొదలైంది. మూడు గంటలకు కాస్త తెరిపిచ్చింది. తిరుగు ప్రయాణం కట్టారు.

పెనుకొండ ఇంకా కొంత దూరం ఉందనగా వంక అడ్డం వచ్చింది. దాని మీద వంతెన లేదు. చప్టానే. అంటే వంక అడుగునే సిమెంటు పరిచి రోడ్డు వేశారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి, దాని మీద గొర్రెలు పడుకుని ఉంటాయి. ఆ రోజు మాత్రం ఎర్రటి నీళ్లు చప్టా మీదుగా అడ్డంగా ఉరుకుతున్నాయి. ఒడ్డున ఒక బస్సు, ఒక లారీ, నాలుగైదు మోటారు సైకిళ్లు ఆగి ఉన్నాయి. జనం దిగి బీడీలు కాలుస్తూ నీళ్లను చూస్తున్నారు.

"ఒక గంట ఓర్చుకుంటే తగ్గుతాదప్పా" అన్నాడు బస్సు డ్రైవరు.

సంజీవప్ప దిగి నీళ్ల అంచు దాకా వెళ్లి చూశాడు. అతనిలో భయం లేదు. ఉన్నది సంతోషం. బండి కొన్నప్పటి నుంచి నవ్విన వాళ్లందరికీ జవాబు ఇదిగో, ఎదురుగా పారుతోంది. గబగబా వెనక్కి వచ్చాడు.

"రేయ్ జయా, నేను ముందు పోయి చూస్తా."

"ఎందుకన్నా? అందరూ ఆగినారు కదా. మనమూ ఆగుదాం."

మారెమ్మ కారు కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "సంజీవా, గమ్మున ఉండరా. పెండ్లి ఇంకా శానా దూరం ఉండాది. ఈ పొద్దే ఇల్లు చేరకపోతే ఏం?"

"ఏం కాదుమ్మా. ఈ బండి ఉండేది ఇట్లాంటి దానికే."

నీలావతి దిగిపోతానంది. అతను వినిపించుకోలేదు. పొట్టి రాడ్డు లాగి, మొదటి గేరులో బండిని నీళ్లలోకి దించాడు.

బండి వెళ్లింది. నీళ్లు తలుపుల కింది అంచును కొట్టాయి. మధ్యలో ఒకచోట వెనక భాగం పక్కకు జరిగినట్టయి నీలావతి కెవ్వుమంది. మరు క్షణం చక్రాలు పట్టుకున్నాయి. బండి గర్జించి అవతలి గట్టు ఎక్కేసింది. వెనక ఒడ్డున జనం ఈలలు వేశారు. సంజీవప్ప కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, పైకెత్తి గట్టిగా ఊపాడు.

గట్టు మీద బండి ఆపి దిగాడు. నవ్వుతూ వెనక్కి తిరిగాడు. ఆ నవ్వు అట్లాగే నిలిచిపోయింది.

తమ్ముడి కారు నీళ్లలో ఉంది.

ఏం చూస్తున్నాడో అతనికి ముందు అర్థం కాలేదు. జయరాముడు ఎందుకు వస్తున్నాడు? ఆగుదాం అన్నది వాడే కదా? "పోరా! వెనక్కి పోరా!" అని అరిచాడు. నీళ్ల హోరులో ఆ అరుపు అతనికే వినపడలేదు. చిన్న కారు మూడో వంతు వచ్చి ఆగిపోయింది. ఇంజనులోకి నీళ్లు వెళ్లాయి. ఎవరో నెమ్మదిగా నెడుతున్నట్టు కారు వెనక భాగం పక్కకు తిరిగింది. చప్టా అంచు దాకా జరిగి, ఒక్క నిమిషం అక్కడే ఆగింది. తర్వాత దిగువకు జారి ఒక తుమ్మచెట్టుకు ఆనుకుంది.

సంజీవప్ప బండి ఎక్కి, తిప్పి, మళ్లీ నీళ్లలోకి దించాడు. నీలావతి గట్టు మీద నిలబడి తల బాదుకుంటోంది. కాసేపట్లోనే వంక ఇంకో జానెడు పెరిగింది. సగం దూరం కూడా వెళ్లకముందే కాళ్ల కింద బండి తేలికైపోయింది. స్టీరింగు ఎటు తిప్పినా బండి ఇటో అటో తిరగడం లేదు. నాలుగు చక్రాలూ నీళ్లలో ఊరికే తిరుగుతున్నాయి. ఇంత ఇనుము, ఇంత బరువు, ఎండు కొబ్బరి చిప్పలా తేలుతోంది. అదృష్టం కొద్దీ ముందు భాగం తను దిగిన గట్టు వైపే తిరిగి ఒక బండకు తగిలింది. అతను కిటికీలోంచి దూకి, గడ్డి పట్టుకుని పాక్కుంటూ బయటపడ్డాడు.

అవతలి ఒడ్డు నుంచి లారీ వాళ్లు తాడు విసిరారు. జయరాముడు కిటికీలోంచి పైకి వచ్చి, అరుణను జుట్టు పట్టి లాగి తాడు అందించాడు. ఆమెను ఒడ్డుకు లాగేశారు. మళ్లీ విసిరిన తాడును నడుముకు చుట్టుకుని అతను కారు వైపు వంగాడు. వెనక కిటికీలోంచి మారెమ్మ చెయ్యి బయటికి వచ్చింది. ఆ చేతిని అతను పట్టుకున్నాడు కూడా. ఇవతలి గట్టు నుంచి సంజీవప్ప అది చూశాడు. పట్టుకున్నాడు, ఇక భయం లేదు అనుకున్నాడు. అప్పుడే తుమ్మచెట్టు వేళ్లతో సహా లేచి వచ్చింది. కారు పొర్లింది. జయరాముడు తాడుకు వేలాడుతూ మిగిలాడు. కారు మిగల్లేదు.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. అన్న ఒక గట్టున, తమ్ముడు ఇంకో గట్టున. మధ్యలో ఎర్రటి నీళ్లు. జయరాముడు నేల మీద చతికిలబడి ఉండటం, అరుణ మీద ఎవరో దుప్పటి కప్పడం సంజీవప్పకు కనపడుతోంది. మాట మాత్రం దాటదు. బస్సు డ్రైవరు చెప్పినట్టే కొంతసేపటికి వంక తగ్గడం మొదలుపెట్టింది. పొద్దు మునిగే వేళకు మనుషులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని దాటగలిగారు. మరునాడు పొద్దున దిగువ ఇసుకలో గొర్రెల కాపరులకు మారెమ్మ కనపడింది.

పెనుకొండ ఆసుపత్రి వరండాలో అన్నదమ్ములిద్దరూ శవం కోసం కాచుకుని కూర్చున్నారు. ఇద్దరికీ ఏడుపు రాలేదు. సంజీవప్పే ముందు అడిగాడు.

"ఎందుకొస్తివిరా? ఆగుదాం అంటివి కదా."

జయరాముడు వింతగా చూశాడు. "అదేందన్నా? నువ్వే కదా చెయ్యెత్తి రమ్మంటివి."

"అమ్మ వద్దనింది" అన్నాడు జయరాముడు. "అరుణ వద్దనింది. ఆడి నుంచి నువ్వు పిలుస్తాంటివి. అన్న చూసి చెప్పినాడు, లోతు లేదేమోలే అనుకుంటి."

అవును, రమ్మన్నానని అనేస్తే అది వట్టి పొరపాటు కింద పోతుంది. నీళ్లు తక్కువనుకున్నానని చెప్పొచ్చు. సంజీవప్ప ఆ మాట దాకా వచ్చి, చెప్పలేకపోయాడు.

"రమ్మనలేదు జయా. నేను దాటేసినానని... జనానికి చూపించేదానికి ఎత్తినా చెయ్యి."

జయరాముడు అన్న మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. లేచి వెళ్లి వరండా ఆ చివర, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. కర్మకాండలన్నీ పక్కపక్కనే నిలబడి చేశారు. ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

బండ నుంచి పెద్ద బండిని ట్రాక్టరుతో లాగించి, మెకానిక్కులు బాగు చేసి ఇంటి ముందు పెట్టి వెళ్లారు. సంజీవప్ప దాని తాళం ముట్టుకోలేదు. అంగడికి నడిచి వెళ్లేవాడు. నడిస్తే ఎంత దగ్గరో అని అతనికే ఆశ్చర్యం వేసేది.

కార్తీకం వెళ్లాక నరేష్ అనే కుర్రవాడు అంగడికి వచ్చాడు. హిందూపురంలోనే వాళ్లది బట్టల వ్యాపారం.

"అన్నా, మీ బండి అమ్ముతారేమోనని వస్తి. చప్టా దాటిన బండి అది కదన్నా? ఊరంతా చెప్పుకుంటాండారు. బస్సే ఆగిపోయిన నీళ్లలో అది దూసుకుపోయిందంట."

సంజీవప్ప చేతిలోని పెన్ను కింద పెట్టాడు. ఇంట్లో శవం లేచిన సంగతి ఈ ఊరికి తెలుసు. అయినా ఊరు దాచుకున్న కథ ఇదా?

"నువ్వు యాడికి పోతావు బండిలో?" అని అడిగాడు.

"ఈడే, ఊర్లోనే. నెలకో తూరి బెంగుళూరు. హైవేనే కదా."

"మరి ఫోర్ వీల్ డ్రైవ్ ఎందుకప్పా నీకు?"

కుర్రవాడు సిగ్గుపడుతూ నవ్వాడు. "పనికని కాదన్నా. దాంట్లో కూచుంటే ధైర్యంగా ఉంటాది."

మాటకు మాట, నీలావతితో సంజీవప్ప అన్నదే.

"విను నరేషూ" అన్నాడు. "ఆ బండి చప్టా దాటలేదు. నీళ్లు దాటనిచ్చినాయి. కాసేపటికే మళ్లీ దించితే తేలిపోయింది. నేల తగలకపోతే నాలుగు చక్రాలు ఉండీ ఏం లాగుతాయి? దానికి ఆగేది కూడా వేరే బండ్ల కంటే ఎక్కువేమీ తెలీదు. దాంట్లో ఉండే ధైర్యం నీది కాదప్పా. అది నిన్ను తీసుకుపోయి నీళ్ల ముందర నిలబెడతాది."

నరేష్ తల ఊపాడు గానీ అర్థమైనట్టు లేదు. వెళ్తూ వెళ్తూ, "మనసు మారితే ఫోను చేయన్నా" అన్నాడు.

సంజీవప్ప ఆ బండిని ఊళ్లో ఎవరికీ అమ్మలేదు. అగళి వైపు కొండల్లో రాతి గనులు నడిపే ఒకాయనకు ఇచ్చేశాడు. అక్కడ తోవలే లేవు, రోజూ బండరాళ్ల మీదే పని. ఆయన వచ్చి తీసుకుపోతుంటే నీలావతి తలుపు వేసుకుని లోపలే ఉండిపోయింది.

మాఘంలో స్వాతి పెళ్లి జరిగింది. సంజీవప్ప వెళ్లాడు గానీ మండపం వెనక, వంటల దగ్గర నిలబడ్డాడు. అన్నం వార్చేవాళ్లకు నీళ్లు అందిస్తూ, ఎవరి కంటా పడకుండా ముహూర్తం గడిచిపోతే చాలనుకున్నాడు. జయరాముడు అతన్ని వెతుక్కుంటూ అక్కడికి వచ్చాడు. కొత్త పంచె, చెమట పట్టిన మొహం.

"నిన్ను చూస్తే కోపం వస్తాదన్నా" అన్నాడు. నాలుగు నెలల్లో అన్నతో అతను మాట్లాడిన మొదటి మాట అది. "చూడకుంటే అమ్మ ఒక్కతే కాదు, నువ్వు కూడా పోయినట్టు ఉంటాది. ఏం చేయాల్నో నాకు తెలీడం లేదు."

"నాకూ తెలీదురా."

జయరాముడు చేత్తో మొహం మీది చెమట తుడుచుకున్నాడు.

"మగపెండ్లోళ్లు దిగుతాండారు. ఎదురుపోయేదానికి ఇంటి పెద్ద కావాలంటాండారు. పా."

సంజీవప్ప చేతులు తుడుచుకుని తమ్ముడి వెనకే నడిచాడు.