రెక్క కింది ఎరుపు

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, ఉమాశ్రీ చక్కెర నీళ్ళు కలుపుకుని పడగ్గదిలోకి వెళ్తుంది. అక్కడ ఏసీ రాత్రీపగలూ ఆగదు. కర్టెన్ కమ్మీ మీద గుప్పెడంత పిట్ట. నిగనిగలాడే ఆకుపచ్చ ఒళ్ళు, వంకర ముక్కు, తోకలో రెండు పొడుగాటి ఈకలు.

నైరోబీ నుంచి ఆమె భర్త చైతన్య శవపేటిక గోపన్‌పల్లి చేరి, అపార్ట్‌మెంట్ కింద మూత తీసినప్పుడు, అతని ఛాతీ మీంచి లేచిందది. బంధువులు పక్కకు జరిగి దారిచ్చారు. తర్వాత పరామర్శకు వచ్చినవాళ్ళు కూడా "పిట్ట ఏమైనా తింటోందా?" అని అడిగి వెళ్ళారు.

ఆఫీసు పనిమీద వెళ్ళిన చైతన్యకు గెస్ట్‌హౌస్‌లో నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. ఎప్పుడు ఫోన్ చేసినా "పనిలో ఉన్నా" అనేవాడు. చివరి వారం ఫోనే కలవలేదు. ఎండ మొహం చూడకుండా, కంప్యూటర్ ముందే బతుకు వెళ్ళదీసి పోయాడని ఉమాశ్రీ కుమిలిపోయేది. హైటెక్ సిటీలో అతను పనిచేసిన కంపెనీయే ఇప్పుడామెకు ఉద్యోగమిస్తానంది. సోమవారం చేరాలి.

పిట్ట నీరసపడుతుంటే అత్తగారు జయలక్ష్మి పైఅంతస్తు ఆనందరావు మాస్టారిని పిలుచుకొచ్చారు. రిటైరయ్యాక ఆయన పక్షుల్ని చూస్తూ ఖాజాగూడ చెరువు దగ్గరే గడుపుతారు.

"మన తేనెపిట్టల జాతేనమ్మా, ఆఫ్రికాది," అన్నారాయన పుస్తకం తిప్పుతూ. "ఇలాంటివి రెండు రకాలున్నాయి. రెక్క కింద పసుపు కుచ్చుంటే, నైరోబీ తోటల్లోనూ కనబడేది. ఎరుపుంటే..."

"ఎరుపుంటే ఏమిటండీ?"

"అది ఊళ్ళలో ఉండదు. పెద్ద కొండల మీద, చెట్లు కూడా మొలవని ఎత్తున ఉంటుంది. అంత దూరం ఎక్కినవాళ్ళకే కనబడుతుంది."

ముగ్గురూ ఎదురుచూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి పిట్ట ఒళ్ళు విదిలించుకుని రెక్కలెత్తింది.

నిప్పుకణికలాంటి ఎరుపు.

"కొండెక్కాడమ్మా మీవాడు," అన్నారు మాస్టారు.

కొడుకు పోయినప్పటినుంచీ కంట నీరు పెట్టని జయలక్ష్మి భోరున ఏడ్చారు. "నాకు చెప్పలేదు సరే. నీకైనా ఎందుకు చెప్పలేదే, ఉమా?"

"వచ్చాక చెబుదామనుకున్నారేమో, అత్తయ్యా."

ఇక్కడి ఎండకు అది బతకదని మాస్టారు చెప్పారు. సోమవారం ఉమాశ్రీ కంపెనీకి వెళ్ళింది, చేరడానికి కాదు. నైరోబీ ఆఫీసుకు ఫోన్ చేయించి చైతన్యను కొండకు తీసుకెళ్ళిన మనిషెవరో కనుక్కుని, ఉద్యోగం వద్దని చెప్పి వచ్చేసింది.

నైరోబీ విమానమెక్కబోతుంటే, ఎయిర్‌పోర్టులో ఆమె కొంగులోని పిట్టను చూసి సెక్యూరిటీ ఆవిడ, "జర మెల్లగ పట్టుకో అమ్మా, నలుగుతది," అంది.

ఆ మనిషి వెంట కొండెక్కి, పైన పిట్టను వదిలేసి, ఫోన్ పలికేచోటికి దిగాక అత్తగారికి చేసింది.

"వెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోయింది. పైన ఎముకలు కొరికే చలి, అత్తయ్యా. ఆయన స్వెట్టరైనా వేసుకున్నారో లేదో."