ఏడో సంతకం

అరుణజ్యోతి రెండో సమావేశానికి కూడా పోలేదని తెలిసిన రోజు ఓబిలేష్ ఇంట్లో పాయసం వండడం ఒక్కటే తక్కువ. ఈల వేసుకుంటూ స్నానం చేశాడు. రోజూ తినేదానికంటే ఒక ముద్ద సంగటి ఎక్కువ తిన్నాడు. భార్య సరళ అతని వాలకం చూసి, "ఏమైంది నీకు ఈ పొద్దు?" అని అడిగింది.

"ఏంల్యా. ఇంకొక్కటి, ఇంకొక్క మీటింగు తప్పిపోతే సాలు."

"ఎవురికి?"

"ఆ యమ్మకు."

సరళకు అర్థమైంది. నెలల తరబడి ఆ ఇంట్లో 'ఆ యమ్మ' అంటే ఒక్కతే.

ఓబిలేష్ మడకశిర దగ్గర పశువుల ఆసుపత్రిలో సహాయకుడు. గొర్రెలకు, ఆవులకు సూదులు వేస్తాడు, కట్లు కడతాడు, ఈనలేని బర్రెకు సాయం పడతాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇలాంటి సహాయకులందరి పేర్లూ ఒక పట్టికలో రాసిపెట్టడానికి ప్రభుత్వం చట్టం చేసి మరీ ఒక మండలిని పెట్టింది. పట్టికలో పేరుంటేనే సూది పట్టుకోవాలి. తప్పు చేసినవాడి పేరు మండలి కొట్టేస్తే, ఆ మనిషి మర్నాటి నుంచి ఇంట్లో కూర్చోవలసిందే. అందులో పదకొండు కుర్చీలు. ఒక కుర్చీకి మాత్రం రాయలసీమ సహాయకులు ఓట్లు వేసి మనిషిని పంపుతారు. కిందటేడు ఆ కుర్చీకి నిలబడి ఓబిలేష్ తొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు. గెలిచింది అదే ఆసుపత్రిలో పనిచేసే అరుణజ్యోతి.

వేరే ఎవరైనా గెలిచి ఉంటే నాలుగు రోజులు తిట్టుకుని ఊరుకునేవాడేమో. కానీ ఈ పిల్ల ఆరేళ్ళ కిందట పనిలో చేరినప్పుడు పొట్టేలు తల విదిలిస్తే ఆమడ దూరం పరుగెత్తేది. గొర్రెను మోకాళ్ళ మధ్య ఎలా ఇరికించుకోవాలో, చంక కింద చర్మం పైకి లాగి సూది ఎలా దించాలో నేర్పింది తనే. ఇప్పుడు డాక్టరు ఆమెను "మెంబరు గారూ" అంటాడు. పంద్రాగస్టుకు మండలాఫీసులో ఆమెకు వేదిక మీద కుర్చీ, ఓబిలేష్‌కు కింద ఎండలో నిలబడే చోటు. మండలి నుంచి ఆమె పేరిట గోధుమరంగు కవర్లు రిజిస్టరు పోస్టులో వస్తాయి. ఆమె లేనప్పుడు పోస్ట్‌మాన్ ఓబిలేష్ చేతనే సంతకం పెట్టించుకుంటాడు. ఆ కవరు చేతిలో పడితే అతను ఊరికే వదిలేవాడు కాదు. బరువెంత ఉందో చూసి, తిప్పి చూసి, ఆమె బల్ల మీద విసిరేసేవాడు. ఎన్నికల ఫలితం వచ్చిన రోజు నుంచి ఆమె పేరు నోటితో పలకలేదు.

హిందూపురం పోయి మండలి నియమాల పుస్తకం జిరాక్సు తీయించుకొచ్చాడు. నలభై ఆరు పేజీలు. పదో తరగతి పరీక్షకు కూడా అంత చదవలేదు. వరసగా మూడు సమావేశాలకు కారణం చెప్పకుండా రాని సభ్యుడి స్థానం ఖాళీ అయినట్టు అధ్యక్షుడు ప్రకటించవచ్చు. ఖాళీ అయిన స్థానానికి ఆ ఎన్నికలో తరవాత ఎక్కువ ఓట్లు వచ్చినవారిని పిలవాలి. ఈ రెండు నియమాల కిందా ఎర్ర పెన్నుతో రెండేసి గీతలు గీశాడు. మిగతా పేజీలు కూడా చదివాడు. మామూలు పనులకు ఎందరున్నా సరే, పట్టికలోంచి పేరు కొట్టేసే విషయం తెరవాలంటే మాత్రం సమావేశం మొదట్లో ఏడుగురు సంతకాలు పెట్టి ఉండాలన్న నియమం కూడా చదివాడు. అది ఎవరో తప్పు చేసినవాళ్ళ గోల అనుకుని పేజీ తిప్పేశాడు.

నిజానికి ఆ పేజీ దగ్గర అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎందుకో అతనికి తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండడం అతనికి బాగా అలవాటు.

ఓట్ల వారంలో జరిగిన సంగతి అది. మే నెల. తొలకరికి ముందు గొర్రెలకు చిటుకు రోగం టీకాలు వేసే రోజులు. కొత్త గడ్డి తిన్న గొర్రె సాయంత్రం దాకా గెంతులేసి పొద్దున్నకి కాళ్ళు చాచేస్తుంది, అదీ చిటుకు రోగం. ఆ రోజు సోమప్ప మందకు టీకాలు వేయాలి. ఓబిలేష్ మందు సీసాల ఐసు పెట్టెను బండికి కట్టుకుని బయలుదేరాడు. దారిలో మడకశిర బస్టాండు దగ్గర పక్క మండలాల సహాయకులు నలుగురు కనిపించారు. నలుగురంటే నాలుగు ఓట్లు. హోటల్లో కూర్చుని రెండున్నర గంటలు వాళ్ళకు తన గొప్ప చెప్పుకున్నాడు. పెట్టె బయట ఎండలో ఉడికింది.

సోమప్ప దొడ్డి దగ్గరికి అరుణజ్యోతి ముందే వచ్చి ఉంది. పోటీలో ఉన్నా డ్యూటీ డ్యూటీయే కదా. పెట్టె తెరిచి, సీసా తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. అతన్ని పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది.

"అన్నా, సీసా యెచ్చగా ఉండాది. ఐసంతా కరిగి నీళ్ళయిపోయింది. ఇది ఎయ్యద్దు. రేపు కొత్తది తెద్దాం."

"రేపు పొద్దున్నే సోమప్ప మందను తోలుకపోతాడు. నాకే నేర్పుతాండావా నువ్వు?"

అరవై గొర్రెలకూ వేసేశాడు. ఆమె సూది ముట్టలేదు, సోమప్పకు చెప్పనూ లేదు. జూన్‌లో వాన పడింది, గడ్డి మొలిచింది, ఇరవై రెండు గొర్రెలు పోయాయి. సోమప్ప మిగిలినవాటిని బావమరిదికి అప్పగించి బెంగుళూరులో ఏదో కట్టడం పనికి పోయాడు. పోయే ముందు జులై చివర మండలికి అర్జీ పెట్టాడని ఊళ్ళో అనుకున్నారు. ఓబిలేష్ పది రోజులు సరిగ్గా తిండి తినలేదు. నోటీసు రాలేదు. నెలలు గడిచినా రాలేదు. ఆ కాగితం ఎక్కడో చెదలు తినేసి ఉంటుందిలే అనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

ఎన్నికల్లో ఆమె ఈ సంగతి ఒక్క మాట బయటపెట్టి ఉంటే అతనికి సగం ఓట్లు కూడా పడేవి కావు. ఆమె ఎత్తలేదు. అది కూడా అతనికి గిట్టలేదు. మంచితనంలో కూడా తనకంటే ముందుంటుందా అని పళ్ళు నూరుకున్నాడు.

అక్టోబరులో మొదటి సమావేశం, జనవరిలో రెండోది, రెండింటికీ ఆమె పోలేదు. ఏప్రిల్‌లో మూడోది. ఆ రోజు ఓబిలేష్ పదిన్నరకే ఆసుపత్రికి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆమె వచ్చింది. చేతిలో అన్నం డబ్బా, ముఖం వాడిపోయి ఉంది. విజయవాడలో సమావేశం జరుగుతున్న వేళకు ఇక్కడ ఒక దూడ కాలికి కట్టు కడుతోంది. ఓబిలేష్‌కు ఎగిరి గంతేయాలనిపించింది, అంతలోనే ఒళ్ళు మండింది. తాను ఏడాదిగా కలలు కంటున్న కుర్చీని ఈమె ఇంత తేలిగ్గా ఖాళీగా వదిలేస్తుందా? అంత అక్కర్లేనిదైతే ఎందుకు లాక్కుంది?

ఆ సాయంత్రమే అర్జీ రాశాడు. నియమం నంబరు, మూడు తేదీలు, తరవాతి ఓట్లు తనవేనన్న మాట, అన్నీ పొందికగా రాసి రిజిస్టరు పోస్టు చేశాడు.

మే చివర ఆమెకు సంజాయిషీ అడుగుతూ కవరు వచ్చింది. మర్నాడు పశువులను నిలబెట్టే ఇనుప చట్రం దగ్గర ఓబిలేష్ ఒక్కడే ఉన్నప్పుడు ఆమె వచ్చింది.

"అన్నా, నువ్వు రాసినావంట కదా."

"రాసినా. నియమం అట్ల ఉండాది. నేను పుట్టించినానా?"

"నీ కాళ్ళు పట్టుకుంటా, ఆ అర్జీ ఎనక్కి తీసుకో. ఆగస్టు దాకా ఆగు. ఆగస్టు ఒకటో తేదీ నేనే రాజీనామా రాసి నీ చేతికిస్తా. కుర్చీ నీకే వస్తాది."

ఓబిలేష్ నవ్వాడు. "ఇప్పుడు ల్యాని రాజీనామా ఆగస్టులో యాడినుంచి వస్తాది? ఆగస్టులో ఏముండాది?"

"చెప్పకూడదన్నా. మండలి ఫైళ్ళ సంగతి బయట చెప్పనని ప్రమాణం చేసినా."

"మూడు మీటింగులకు పోనిదానికి ప్రమాణం ఒకటా! పంద్రాగస్టుకు ఇంకోసారి స్టేజి మీద కూసోవల్లని ఉండాదేమో. అంతే కదా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకేదో చెప్పబోయి పెదవి కొరుక్కుని వెళ్ళిపోయింది. ఆ నీళ్ళు చూసి ఓబిలేష్‌కు కలిగినంత తృప్తి ఈ మధ్యకాలంలో ఎన్నడూ కలగలేదు. కుర్చీ పోతుంటే ఎంత బాధగా ఉంటుందో ఇప్పుడు తెలిసిందా అనుకున్నాడు.

సంజాయిషీలో ఆమె ఏ కారణమూ రాయలేదట. ఒంట్లో బాగాలేదని ఒక్క ముక్క రాసినా కుర్చీ మిగిలేది. జులై మొదటి వారంలో ఈసారి గోధుమరంగు కవరు ఓబిలేష్ పేరు మీదే వచ్చింది. దాన్ని చింపకుండా ఒక పూటంతా చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. లోపల పద్దెనిమిదో తేదీ సమావేశం విషయాల జాబితా ఉంది. నాలుగో అంశం దగ్గర 'పట్టిక విషయం' అని ఫైలు నంబరు ఒక్కటే ఉంది. అలాంటి ఫైళ్ళ పేర్లు గదిలోనే చదువుతారు. ఎవడికో మూడిందిలే అనుకున్నాడు.

పద్దెనిమిదిన తెల్ల చొక్కా, కొత్త పెన్నుతో విజయవాడలో ఆ గదిలోకి అడుగుపెట్టాడు. పొడవాటి బల్ల. బల్ల మీద తన పేరు రాసిన అట్ట. దాన్ని వేలితో ఒకసారి తడిమి చూసుకున్నాడు. పదకొండు కుర్చీల్లో మూడింటికి ప్రభుత్వం ఇంకా మనుషులనే వేయలేదు, ఒకాయన పక్షవాతంతో మంచం పట్టాడు. కార్యదర్శి రూతు గారు హాజరు పుస్తకం తిప్పారు. అంతా పెట్టాక చివరగా ఓబిలేష్ దగ్గరికి వచ్చింది. తీరిగ్గా, కింద గీత కూడా గీసి సంతకం పెట్టాడు.

రూతు గారు లెక్కపెట్టి, "ఏడుగురు సార్" అన్నారు.

అధ్యక్షుడు కుర్చీలో వెనక్కి వాలాడు. "హమ్మయ్య! ఏడాదిగా ప్రతిసారీ ఆరుగురే. ఒక్క మనిషి తక్కువై ఆ ఫైలు తెరవలేకపోయాం. ఏడాదిలోపు తెరవకపోతే ఫిర్యాదు దానంతటదే మూతపడిపోతుంది. ఈ నెల ముప్పయ్యో తేదీతో గడువు అయిపోతోంది. ఓబిలేష్ గారూ, సమయానికి వచ్చారండీ. ముందు అదే తీసుకుందాం."

ఓబిలేష్ నవ్వుతూ తల ఊపాడు. రూతు గారు ఫైలు సీలు తీసి చదివారు. ఫిర్యాదుదారు సోమప్ప. గొర్రెలు ఇరవై రెండు. తరవాత పేరు చదవబోయి, ఆగి, బల్ల మీది అట్ట వైపు చూశారు.

ఓబిలేష్‌కు ఆ చూపే చాలింది. జులై ముప్పై, ఆగస్టు ఒకటి. ఆమె అడిగిన గడువు ఎవరి కోసమో అప్పుడు తెలిసింది.

"నా సంతకం కొట్టేయండి సార్" అన్నాడు.

"అదెలా కుదురుతుందండీ? మొదట పెట్టిన సంతకాలే లెక్క. తరవాత ఎవరు లేచి వెళ్ళినా లెక్క తగ్గదు. నియమాల పుస్తకంలో ఉంది, మీరు చదివే ఉంటారు. మీ విషయం కాబట్టి మీరు కాసేపు బయట కూర్చోండి. ఫిర్యాదు తీసుకోవడమా వద్దా అన్నది తేల్చి పిలుస్తాం."

వరండాలో బల్ల మీద కూలబడి ఆమెకు ఫోన్ చేశాడు. ఏడాదిలో అదే మొదటిసారి.

"ఫైలు తెరిచినారు" అన్నాడు.

ఆమె ఇక దాచలేదు. "సోమప్ప రసీదు నాకు చూపించినాడన్నా, ఆ నంబరే జాబితాలో చూసినా. పోయి కూసుంటే ఏడుగురవుతారు. నన్నడిగితే అబద్ధం చెప్పలేను. అందుకే పోలేదు."

"సెలవు చీటైనా రాసింటే నీ కుర్చీ నిలిచిండేది కదమ్మా."

"ఏమని రాయల్ల? రాసేది కూడా అబద్ధమే కదా."

"ఇప్పుడు నిన్ను పిలిస్తే?"

"పిలిస్తే చెప్తా. ఇన్నాళ్ళు నిన్ను కాపాడితి గానీ, సోమప్ప ఇంటోళ్ళ మొకం ఎత్తి చూడలేక చస్తాండా అన్నా. ఆ పొద్దే ఆయప్పకు చెప్పిండాల్సింది నేను. నువ్వు నాకు సూది పట్టేది నేర్పిన మనిషివి, నోరు రాలేదు."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇంత జరిగాక కూడా అతని లోపల రగిలింది ఆ పాత మంటే. కుర్చీ ఉన్నప్పుడూ ఆమే పెద్దమనిషి, కుర్చీ పోయాక కూడా ఆమే. తానెంత ఎగిరినా అక్కడికి చేయి అందడం లేదు. సిగ్గు కూడా వేసింది, కానీ సిగ్గు తరవాత వచ్చింది.

తలుపు తెరుచుకుంది. లోపల తన పేరు అట్ట బల్ల మీద అలాగే ఉంది. ఈసారి అతన్ని దాని వెనక కాకుండా ఎదురుగా నిలబెట్టారు.

"ఫిర్యాదు తీసుకున్నామండీ" అన్నాడు అధ్యక్షుడు. "నోటీసు ఇస్తాం. పదిహేను రోజుల్లో జవాబు రాసుకోవచ్చు. ఇప్పుడే చెప్పదలుచుకుంటే చెప్పండి. మందు చెడిపోయిందని వేసే ముందు మీకు తెలుసా?"

పదిహేను రోజులంటే చాలా సమయం. పెట్టెలో ఐసు నిండుగా ఉందని రాయొచ్చు, సోమప్పే మందను తడిగడ్డి మీద వదిలాడని రాయొచ్చు. చూసిన మనిషి ఒక్కతే. ఆమె మాటకు ఎదురుగా తన ఇరవై రెండేళ్ళ సర్వీసు. కుర్చీ పోయిన కోపంతో ఆమె తప్పుడు సాక్ష్యం చెబుతోందని అంటగట్టడం ఎంత సులువో అతనికి చప్పున తోచింది. అంత సులువుగా తోచినందుకు తన మీద తనకే భయం వేసింది.

"తెలుసు సార్" అన్నాడు. "ఐసు కరిగిపోయిండాది, ఎయ్యద్దని చెప్పినారు. నేనే ఇనలేదు."

రూతు గారు రాసుకుంటూ తలెత్తారు. "ఎవరు చెప్పారు?"

పేరు కొట్టేస్తారన్న భయం కంటే కూడా, ఆ ఒక్క మాట బయటికి రావడమే కష్టమైంది.

"అరుణజ్యోతి" అన్నాడు. "రాసుకోండి మేడం. అరుణజ్యోతి."