చెల్లెలి బుడగలు

ఆదివారం పొద్దున్నే పడవెక్కడం ఆ అక్కాచెల్లెళ్ళకి ఆరు వారాలుగా అలవాటైపోయింది. అక్క దర్జీ, చెల్లెలు ఆసుపత్రిలో నర్సు. వీపుకి సిలిండర్ తగిలించుకుని సరదాగా సముద్రంలోకి దిగేవాళ్ళకి నీటి అడుగున సర్వే నేర్పే కోర్సు అది. అడుగున ముప్ఫై మీటర్ల టేపు పరిచి, దాని వెంటే ఈదుతూ, అటు మీటరు ఇటు మీటరు లోపల కనిపించిన చేపల్ని లెక్కపెట్టి పలక మీద పెన్సిల్‌తో రాయాలి. వెనకనించి దాటిపోయేవాటిని లెక్కలో వెయ్యకూడదు. టేపు పట్టడం అక్కకి కొత్తేమీ కాదు గానీ, చేపలు కొలతలకి నిలబడవు కదా!

ఆ రోజు పరీక్ష. మాస్టారు ఒక్కొక్కరినే వెంట తీసుకెళ్తున్నారు. ముందు వంతు చెల్లెలిది. ఆరోగ్యం సంగతులడిగే కాగితంలో ఆమె అన్ని ప్రశ్నలకీ 'లేదు' అని గబగబా టిక్కులు పెట్టేసింది.

"కాస్త చదివి పెట్టవే," అంది అక్క.

"రోజూ ఎంతమంది చేత పెట్టిస్తాననుకున్నావు? నాకివన్నీ కంఠతా వచ్చులే."

అక్క మనసు కుదుటపడలేదు. నెల్లాళ్ళుగా చెల్లెలు మెట్లెక్కుతూ మధ్యలో ఆగుతోంది. అడిగితే మాట దాటేస్తోంది. అమ్మ కూడా పోయే ముందు అలాగే ఆగేది.

మాస్టారూ చెల్లెలూ నీళ్ళలోకి దిగాక, అక్క పడవ అంచున కూర్చుని బుడగలనే చూడసాగింది. ఆ నీళ్ళలో గొణుక్కున్న మాట బుడగలోకెక్కి పైకొచ్చి పగులుతుంది. పడవ నడిపే సరంగు ఒక చెవితో ఆ మాటలూ, రెండో చెవితో రేడియో వింటుంటాడు.

"ఒకటి... రెండు... చారల చేపలు మూడు..." బుడగలు పగులుతున్నాయి. పదిహేను దాకా లెక్క సాఫీగానే సాగింది. ఆ తర్వాత అంకెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి.

"పదహారు... ఎడమ చెయ్యి లాగేస్తోంది... పదిహేడు... నిన్న కూడా ఇంతే..."

"బాబాయ్!" అని కేకేసింది అక్క. ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి.

సరంగు అప్పటికే పానాతో ఇనప నిచ్చెన మీద టంగుటంగుమని కొడుతున్నాడు. అది పైకి రమ్మనే పిలుపు. మాస్టారు చెల్లెల్ని పట్టుకుని నెమ్మదిగా పైకి తెచ్చారు. ఆమె మొహం పాలిపోయి ఉంది.

"ఎందుకు పిలిచారు? ఇంకా సగం టేపుంది," అంది రొప్పుతూ.

"నోర్ముయ్యవే," అంటూ అక్క ఆమె మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టింది. సరంగు రేవుకి అంబులెన్సు పంపమని రేడియోలో చెప్పాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని సాయంత్రం డాక్టరు చెప్పబోతున్నాడు గానీ, అక్కకి అప్పుడా సంగతి తెలీదు. చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడుస్తోంది.

లంగరు లాగుతుంటే, అడుగున ఏదో రాతి చూరు కింద ఇరుక్కున్న బుడగలు రెండు ఆలస్యంగా తేలాయి.

"ఎదురుగా చెప్పడానికి నోరు రాలేదు," అని పగిలింది మొదటిది.

చెల్లెలు కళ్ళు గట్టిగా మూసుకుంది.

"అక్కా, పైన వింటున్నావు కదూ?" అంది రెండోది.