పిండి మనిషి

ఆ ఇంట్లో ఓవెన్ కొన్నది కాదు. పై వాటావాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ, మోసుకుపోయే ఓపిక లేక వదిలేసి వెళ్లింది. దాని తలుపు సరిగ్గా పడదు. గుడ్డ మడిచి సందులో దోపితే తప్ప లోపల వేడి నిలవదు. అయినా కోడలు దాన్ని రెండు రోజులు సోడా పెట్టి తోమి, మసి వదిలించి, వంటింటి కిటికీ పక్కన పెట్టుకుంది. ఆ తర్వాత ఆ ఇంటి గడప బిస్కెట్ ప్యాకెట్ తొక్కలేదు.

ఆమెది ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం. భర్త సిటీ బస్సు డ్రైవరు. ఒక వారం పొద్దుటి డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం డ్యూటీ. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడేది ఎక్కువగా మెట్ల మీదే. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి పదకొండు, చిన్నదానికి ఆరు. అత్తగారు పోయాక మామగారిని తమ దగ్గరికి తెచ్చుకున్నారు. ఆయన కోసమని ఇంకో గది ఉన్న ఇంట్లోకి మారారు. దాంతో ఖర్చు పెరిగింది. ఎక్కడ తగ్గించాలా అని వెతికితే ఆమెకు ముందుగా కనిపించింది తిండీ, నలుగురికీ ఇచ్చే కానుకలూను.

అందుకే ఆదివారం పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా వంటిల్లు ఆమెది. ఓవెన్ ఒకసారి వేడెక్కిందంటే నాలుగు పనులు అయిపోవాల్సిందే. నల్లబడిన అరటిపళ్లతో కేకు, పిల్లల డబ్బాల్లోకి వారానికి సరిపడా బిస్కెట్లు, చివర్లో బ్రెడ్డు. మిగిలిన బ్రెడ్డును ఎండబెట్టి పొడి కొట్టి దాచేది. జామ్ సీసాలు నానబెట్టి, కాగితం ఊడగీకి, పిల్లల స్నేహితుల పుట్టినరోజులకు అందులోనే బిస్కెట్లు పోసి ఇచ్చేది. కింద కుట్టుకొట్టు నడిపే ఆవిడను అందరూ టైలరమ్మ అనేవారు. ఆవిడ దగ్గర మిగిలిన గుడ్డముక్కలు తెచ్చి సీసా మూతలకు కట్టేది. చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. ఆమెది మంచి చెయ్యి, ఆ మాట అందరూ ఒప్పుకునేవారు.

ఒక్క బ్రెడ్డే ఆమె చేతికి లొంగేది కాదు. పైన చెక్కలా పగిలేది, లోపల జిగటగా ఉండేది. ఆ సంవత్సరం చివర ఆసుపత్రిలో తనతో పనిచేసే వాళ్లకు తలా ఒక చిన్న బ్రెడ్డు చేసి, కాగితంలో చుట్టి, దారం కట్టి తీసుకువెళ్లింది. పెద్ద నర్సు తన పొట్లాన్ని చేత్తో తూచి చూసి, "దీన్ని ముందు ఎక్స్‌రే తియ్యాలమ్మా, లోపల ఇటుక గానీ ఉందేమో" అంది. గదిలో అందరూ నవ్వారు. కోడలూ నవ్వింది. ఇంటికి వచ్చే దారంతా మాత్రం ఆమె మొహం మండుతూనే ఉంది.

ఆ మరుసటి ఆదివారం ఒక సంగతి జరిగింది.

మామగారు పొడుగ్గా, సన్నగా ఉండేవారు. మాట తక్కువ. ముప్పై ఏళ్లు బ్రెడ్డు ఫ్యాక్టరీలో పనిచేసి, ప్యాకింగు సెక్షన్‌లో రిటైరయ్యారని ఆమెకు తెలుసు. ప్యాకింగు అంటే మిషను నుంచి వచ్చింది వచ్చినట్టు కవర్లలో పెట్టడమని ఆమె ఊహ. ఆయన తన పళ్లెం తనే కడుక్కునేవారు, తన బట్టలు తనే మడుచుకునేవారు. ఆదివారం పొద్దున పేపరు తెచ్చుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చునేవారు. కళ్లు పేపరు మీదే ఉండేవి గానీ పేజీ తిరిగేది కాదు.

ఆ రోజు ఆమె గిన్నె మీద గుడ్డ తీసి, పొంగిన పిండిని అచ్చులో వెయ్యబోతుంటే ఆయన మెల్లగా అన్నారు.

"ఇంకో అరగంట ఆగితే బాగుంటుందేమోనమ్మా."

ఆమె వెనక్కి తిరగలేదు. చేతులనిండా పిండి. చిన్నది చెప్పు దొరకలేదని ఏడుస్తోంది. పదకొండింటికి పెద్దదాన్ని ఈతకు దింపాలి. చెవిలో ఇంకా పెద్ద నర్సు నవ్వే ఉంది.

"అరగంటలు మీ దగ్గర ఉన్నాయి మామయ్యా, నా దగ్గర లేవు" అంది.

గట్టిగా అనలేదు. అరిచినా బాగుండేది, కోపంలో అందిలే అనుకునేవారు. పక్కవాడిని కాస్త జరగమన్నంత మామూలుగా అంది.

ఆయన "నిజమేనమ్మా" అన్నారు. పేపరు మడిచి లేచారు. కుర్చీ చప్పుడు కాకుండా లోపలికి జరిపారు. "అలా కాస్త నడిచొస్తాను" అని చెప్పులు వేసుకుని వెళ్లారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఏడింటికల్లా ఆయన నడకకు వెళ్లడం మొదలుపెట్టారు. పదకొండు దాటాక వచ్చేవారు. ఆరోగ్యానికి మంచిదేలే అనుకుంది ఆమె. ఉన్నమాట చెప్పాలంటే ఆమెకు హాయిగానే ఉండేది. బల్ల ఖాళీ అయింది, సీసాలు ఆరబెట్టుకోవడానికి చోటు దొరికింది. అన్న మాటను ఆమె ఆ వారంలోనే మర్చిపోయింది.

రెండేళ్లు గడిచాయి. బ్రెడ్డు కొంచెం బాగుపడింది. ఒకసారి కుదిరితే రెండుసార్లు చెడేది. ఎందుకు కుదిరిందో, ఎందుకు చెడిందో ఆమెకు అంతుచిక్కేది కాదు. ఎవర్ని అడగాలో కూడా తెలిసేది కాదు.

ఒక గురువారం పొద్దున, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ మామగారు మంచం పక్కన కూలిపోయారు. స్కూలుకు బయల్దేరుతున్న పెద్దది చూసి పక్కింటివాళ్లను పిలిచింది. అంబులెన్సు ఆయన్ని ఆమె పనిచేసే ఆసుపత్రికే తెచ్చింది. కుడివైపు పక్షవాతం. మాట పడిపోయింది. ఛాతీ ఎక్స్‌రే రాసిన కాగితం మీద ఆమె ఆయన పేరు చూసింది. ఇంకొకరు తీస్తామన్నా ఒప్పుకోలేదు.

తెర వెనక్కి వెళ్లి, రోజుకు నలభైమందికి చెప్పే మాటే ఆయనకూ చెప్పింది. "ఊపిరి పీల్చి, ఒక్క క్షణం ఆగండి మామయ్యా." ఆయన బుద్ధిగా ఆగారు. ఫొటో అయిపోయాక కూడా, ఆమె బయటికొచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా, ఊపిరి బిగబట్టుకునే ఉన్నారు.

సాయంత్రం ఆయన బట్టలు తెద్దామని ఇంటికొస్తే, కొట్టు ముందు టైలరమ్మ ఆపింది.

"ఎలా ఉన్నారమ్మా పెద్దాయన?"

చెప్పింది. టైలరమ్మ చేతిలోని టేపు మెడ చుట్టూ వేసుకుని మెట్టు మీద కూర్చుంది.

"ఆదివారం వస్తే ఇంక ఊసుపోదు నాకు. కొట్టు మూసేసి పూలకుండీలకు నీళ్లు పోస్తుంటే, ఇదిగో, ఈ మెట్టు మీదే కూర్చునేవారు."

"నడకకు కదా వెళ్లేది" అంది కోడలు.

"నడకా? మోకాళ్లు పట్టేసిన మనిషి ఎంత దూరం నడుస్తారు? ఈ మలుపుదాకా వెళ్లి వచ్చి కూర్చునేవారు, నువ్వు పిల్లను ఈతకు తీసుకుని దిగే వేళకు మళ్లీ లేచి వెళ్లేవారు. మీ వంటింటి కిటికీ సరిగ్గా ఈ పైనేగా. ఓవెన్ వాసన దిగేది. దాన్నిబట్టి చెప్పేవారు, ఈవాళ తొందరపడింది, పిండి ఇంకా నిద్ర లెయ్యలేదు అని. ఒక్కోసారి మాత్రం, ఈవాళ కుదిరిందమ్మా, మా కోడలికి చెయ్యి తిరుగుతోంది అనేవారు. ఆ రోజు ఆయన మొహం చూడాలి. ఏదో తనకే ప్రైజు వచ్చినట్టు."

కోడలు తలెత్తి తన వంటింటి కిటికీ వైపు చూసింది.

"ఆయనకు ఎలా తెలుసు ఇవన్నీ?"

"అదేంటమ్మా అలా అడుగుతావు?" టైలరమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఫ్యాక్టరీలో ఆయన్ని పిండి మనిషి అనేవారట కదా. కలపడం మిషనే కలుపుతుంది గానీ, అయిందో లేదో చెప్పడానికి మనిషి కావాలట. ఆయన వేలు పెట్టి చూసి ఊఁ అంటే గాని ట్రేలు ఓవెన్‌లోకి వెళ్లేవి కావట. ఇరవై రెండేళ్లు అదే పని. భుజం పోయాక ప్యాకింగులో వేశారు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పబోయారు, ఒక్కసారి. అది ఆమెకు అప్పుడు, ఆ మెట్ల దగ్గర గుర్తొచ్చింది. తను అన్న మాట, కుర్చీ చప్పుడు కాకుండా జరిపిన తీరు, అన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

"మరి నాకు చెప్పొచ్చు కదా, ఇలా చెయ్యి, అలా చెయ్యి అని" అంది. తన గొంతు తనకే దొంగ గొంతులా వినిపించింది.

"నేనూ అదే అన్నాను. ఆ పిల్లకు క్షణం తీరిక ఉండదు, మధ్యలో నేనెందుకు అడ్డం, చేస్తూ చేస్తూ తనే పట్టుకుంటుంది అన్నారు."

ఆ రాత్రి అన్నం దగ్గర భర్తను అడిగింది.

"మీ నాన్న ఫ్యాక్టరీలో ఏం చేసేవారో మీకు తెలుసా?"

"బ్రెడ్డు ఫ్యాక్టరీ కదా" అన్నాడతను.  "చిన్నప్పుడు డ్యూటీ నుంచి వస్తే జుట్టూ కనుబొమలూ తెల్లగా ఉండేవి. ముసలాడయ్యావు నాన్నా అని నవ్వేవాళ్లం. ఏం చేసేవాడో ఎప్పుడూ అడగలేదు."



ఆరు వారాలకు మామగారు ఇంటికొచ్చారు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగేవారు. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉండేది. నోటినుంచి "ఆ... ఆ..." తప్ప ఏమీ వచ్చేది కాదు. అర్థమవుతోందని డాక్టర్లు అన్నారు, ఎంతవరకు అనేది మాత్రం చెప్పలేమన్నారు.

మొదటి ఆదివారమే ఆమె కేకులూ బిస్కెట్లూ మానేసింది. వంటింటి బల్ల మీదున్న సీసాలన్నీ తీసేసి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కలిపిన పిండి గిన్నె ఎదురుగా పెట్టింది. పెద్దదాని ఈతను భర్తకు అప్పజెప్పింది.

ఆయన గిన్నెను చాలాసేపు చూశారు. తర్వాత ఎడమ చేతి చూపుడువేలు పిండిలోకి దించి తీశారు. తల అడ్డంగా ఊపారు. ఆమె గుడ్డ కప్పింది. అరగంట పోయాక మళ్లీ చూపించింది. మళ్లీ అడ్డంగా ఊపారు. పది దాటింది, పదకొండు దాటింది. చిన్నది ఆకలంటే పాలిచ్చి పంపింది. వంటింట్లో ఊరికే కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు. చేతులు ఏదో ఒకటి తుడవాలని చూసేవి.

అలా కూర్చున్నప్పుడే అంది.

"మామయ్యా, అప్పుడు నేనో మాటన్నాను. మీరు అరగంట ఆగమంటే. అలా అనాల్సింది కాదు. తప్పు నాదే."

అంటూ అంటూ, ఏం చెయ్యాలో తోచక, గుడ్డ తీసి పిండిని మళ్లీ వత్తబోయింది. ఆయన ఎడమ చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా కాదు. పిండిని ఇంక ముట్టుకోవద్దన్నారో, ఆ మాట వదిలెయ్యమన్నారో ఆమెకు తెలియలేదు. అడిగితే "ఆ..." అన్నారు. కళ్లు గిన్నె మీదే ఉన్నాయి.

మూడోసారి వేలు పెట్టినప్పుడు ఆయన తల ఊపలేదు. అరచెయ్యి మొత్తం పిండి మీద ఆనించి, కళ్లు మూసుకున్నారు.

"పెట్టెయ్యనా?"

 కాసేపటికి చూస్తే కూర్చున్నచోటే కునుకు పట్టేసింది. ఆమె ఆయన చెయ్యి తీసి, తడిగుడ్డతో వేళ్ల సందులు తుడిచి, పిండిని అచ్చులో వేసింది.

ఆ రోజు బ్రెడ్డు బాగా వచ్చింది. పైన ఒక్క పగులు లేదు, తుంచితే దూదిలా విడిపోయింది. పాలలో నానబెట్టి పెడితే రెండు ముక్కలు తిన్నారు. ఆమె ఎదురుగా కూర్చుని ఆయన మొహంలోకే చూసింది. బాగుందనో, లేదనో, ఏదో ఒక మాట కోసం. ఆయన నములుతూ ఉన్నారు.

అప్పటినుంచి ఆమెకు ప్రశ్నలు పుట్టుకొచ్చేవి. చలికాలం ఎంతసేపు ఉంచాలి, నీళ్లు గోరువెచ్చగా అంటే ఎంత, వేలు పెడితే ఏం తెలుస్తుంది, వాసనలో ఏముంటుంది. ఆసుపత్రిలో ఫిల్ములు చూస్తున్నప్పుడు కూడా ఏదో ఒకటి తట్టేది. అన్నింటికీ జవాబులు తెలిసిన మనిషి రెండేళ్లకు పైగా పక్క గదిలోనే ఉన్నారు. ఇప్పుడూ పక్క గదిలోనే ఉన్నారు.

ఆయన పద్నాలుగు నెలలు బతికారు. ప్రతి ఆదివారం గిన్నె ముందు కూర్చునేవారు. చివరి నెలల్లో వేలు పెట్టడం కూడా మానేశారు. ఊరికే చూసేవారు. ఒక్కోసారి గిన్నెను కూడా కాదు, గోడను.

ఆయన పోయిన మరుసటి సంవత్సరం పెద్దది తనూ నేర్చుకుంటానంది. స్నేహితురాలికి కానుకగా తన చేత్తో చేసిన బ్రెడ్డే ఇవ్వాలని పట్టుబట్టింది. ఇద్దరూ బల్లకు చెరోపక్క నిలబడ్డారు.

"ఇంత బాగా నీకెవరు నేర్పారమ్మా? తాతయ్యేనా?"

ఔననేస్తే సరిపోయేది. పెద్ద నర్సుతో, భర్త తోటి డ్రైవర్లతో, అడిగిన వాళ్లందరితో ఆమె అలాగే అంటూ వచ్చింది. కూతురి దగ్గర ఎందుకో నోరు రాలేదు. ఆ ఆదివారం జరిగింది, తను అన్నది, టైలరమ్మ చెప్పింది అన్నీ చెప్పింది. ఎవరితోనైనా చెప్పడం అదే మొదటిసారి.

పిల్ల చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

"సారీ చెప్పావా మరి?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"ఏమనగలరు తల్లీ, అప్పటికే మాట పోయింది కదా."

పెద్దది తల్లి మొహం చూడకుండా పిండి వత్తడం మొదలుపెట్టింది. మరీ గట్టిగా వత్తుతోంది. కోడలు చూస్తూనే ఉంది. అలా కాదని చెప్పాలనుకుంది గానీ, ఎలా చెప్పాలో మాట దొరకలేదు.