ఎదురు తెడ్డు

కార్తీకం వస్తే రాజేశ్వర్ పంతులు ఎడపల్లిలో శంకరమ్మ బెల్లం వండే పొయ్యి దగ్గరే కూర్చునేవాడు. నిజామాబాద్ బడిలో సైన్సు చెప్పే మనిషి, తుఫానులంటే పిచ్చి. సముద్రం మొహం ఎరగడు. ఎరగాల్సిన పని ఏముంది? బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే శంకరమ్మ పెనంలో చెరుకు రసం దానంతటదే ఎడమకు తిరిగేది, నడుమ కన్ను తెరిచేది. "అవ్వా, పెనం ఎట్లుంది?" అని అడగందే ఊళ్లో ఎవరూ వడ్లు ఎండబోసేవారు కాదు. తిరిగే రసంలో ఎదురు తెడ్డు పెట్టకూడదని మాత్రం బెల్లం వండేవాళ్ల కట్టుబాటు.

తిరిగే వేగాన్నిబట్టి తుఫాను ఏ రోజు వస్తుందో పంతులు నోటుబుక్కులో లెక్కగట్టి పిల్లలకు చెప్పసాగాడు. తనిఖీకి వచ్చిన పెద్దసారు మండిపడ్డాడు.

"తుఫాను సముద్రం ఒడ్డుకే సస్తది. మన బోధన్ దిక్కు దాకా ఏడికెళ్లి వస్తదయ్యా?"

"శనివారం వస్తది సారూ. రాకుంటే నౌకరి ఇడుస్త," అని పంతులు కాగితం మీద రాసిచ్చాడు. పొగరే, కాదనను.

బుధవారం పొద్దున రసం గిర్రున తిరిగింది. అంత వేగం పంతులు ఎన్నడూ చూడలేదు.

"అవ్వా, గెలిచిన!"

శంకరమ్మ చేల వైపు చూసింది. కొట్టని చెరుకు ఇంకా నిలువెత్తున ఉంది.

"నువ్వు గెలుస్తవు బిడ్డా. గదంత నేల పడుతది. ఊరు ఏం తినాలె?" అంటూ తెడ్డు అందుకుంది.

"ఎదురు పెట్టద్దంటరు గదా?"

"అన్నోళ్లు సచ్చిపోయిండ్రు. చెరుకు బతికే ఉంది."

తెడ్డు దించి కుడికి తోసింది. డెబ్బై ఏళ్ల చేతులు. రసం ఆమెనే ఈడ్చుకుపోతోంది. రాసిచ్చిన కాగితం గుర్తొచ్చి పంతులుకు ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ల చదువు నిజమయ్యే రోజు ఇదొక్కటే. నోటుబుక్కు కింద పెట్టి తనూ తెడ్డు పట్టుకున్నాడు.

పొద్దు వాలేదాకా ఇద్దరూ తోశారు. రసం నిలిచింది, కన్ను మూసుకుంది.

శనివారం ఎండ పెళపెళ కాసింది. పెద్దసారు నవ్వుతూ కాగితం ముందు పెట్టాడు.

"రాలే గద?"

"బయలెల్లింది సారూ. మేమే రానియ్యలే."

సంతకం పెట్టి, నోటుబుక్కు చంకన పెట్టుకొని, పంతులు ఎడపల్లి బాట పట్టాడు. సోమవారం నుంచి ఆయన బడి పెనం పక్కనే. అక్కడ మొదటి పాఠం తెడ్డు పట్టడం.