పెట్టినవాళ్ళే తియ్యాలి

ఆ బొమ్మల గది నడిచేది మూతబడ్డ లాండ్రీ దుకాణంలో. బట్టలు వేలాడదీసే ఇనప కడ్డీ ఇంకా పైకప్పుకే ఉంది. ఇస్త్రీ బల్ల టీ కప్పులు పెట్టుకోవడానికి పనికొస్తోంది. జీతం తీసుకునేవాళ్ళు ఒక్కరూ లేరు. పదిమంది వంతులు వేసుకుని తాళం తీస్తారు, ఊడుస్తారు, "ఇందులో బొమ్మేదండీ?" అని అడిగినవాళ్ళకు ఓపిగ్గా జవాబు చెబుతారు. ఆ వీధిలో ఎవరైనా, ఏం చేసినా, తెచ్చి గోడకు పెట్టొచ్చు. ఒక్కటే నియమం. గుమ్మం పక్కన అరచెయ్యంత అక్షరాలతో టీచరుగారే రాశారు: "పెట్టినవాళ్ళే తియ్యాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు."

టీచరుగారంటే ఆ గది మొదలుపెట్టినావిడ. ఇరవై ఏళ్ళు బళ్ళో డ్రాయింగు చెప్పి, ఇక జన్మలో ఎవరి బొమ్మకూ మార్కులు వెయ్యనని ఒట్టేసుకుని మానేశారు. ఆ సంగతి కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవారు, అడగనివాళ్ళకు ఇంకాస్త ఎక్కువగా.

ఆ ఆదివారం పెద్ద మ్యూజియం నుంచి ఒకావిడ వస్తోంది. నచ్చితే వచ్చే ఏడు వాళ్ళ హాల్లో ఈ గదికీ చోటిస్తారు. టీచరుగారు పొద్దున్నే వచ్చి ఎదురుగోడ చూసి నుదురు చిట్లించారు. అక్కడ టైలరక్క పెట్టిన గుడ్డ ఉంది. వీధి చివర ఆల్టరేషన్లు చేసే టైలరక్క, ఏళ్ళ తరబడి జనం ప్యాంట్ల నుంచి కత్తిరించిన అంచులన్నీ కలిపి కుట్టిన దుప్పటంత గుడ్డ. మాసినవి మాసినట్టే, వెలిసినవి వెలిసినట్టే. కింద చీటీ: "మన వీధి".

కాళ్ళు తుడుచుకునే పట్టాలా ఉందనిపించింది టీచరుగారికి. మ్యూజియం ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టగానే కనబడేది ఇదేనా?

ఆవిడ వెళ్ళిపోగానే మళ్ళీ తగిలించేస్తే ఎవరికి తెలుస్తుంది? టైలరక్క ఎలాగూ సాయంత్రం గాని రాదు, ఇవాళ ఊడ్చే వంతు ఆమెది. చకచకా రెండు మేకుల నుంచీ గుడ్డ తీసి, మడిచి, చీపుళ్ళ గదిలో బకెట్ల వెనక్కి తోసేశారు. ఆ హడావిడిలో చీటీ మాట మరిచిపోయారు.

మ్యూజియం ఆవిడ వచ్చింది. అన్నీ వదిలేసి ఆ రెండు మేకుల ముందే ఆగిపోయింది.

"మన వీధి. రెండు ఖాళీ మేకులు. ఎంత ధైర్యం! ఎవరు చేశారండీ?"

టీచరుగారు అప్పుడు చూశారు చీటీని. "మా... మా టైలరక్క" అన్నారు. అంతటితో ఊరుకోక, ధైర్యమేనన్నట్టు తల కూడా ఊపారు.

సరిగ్గా అప్పుడే టైలరక్క లోపలికి వచ్చింది, ఊరి నుంచి వచ్చిన ఆడపడుచును వెంటబెట్టుకుని. ఇద్దరూ ఉతికిన చీరలు కట్టుకున్నారు.

"ఏదీ వదినా? గోడకెక్కించారన్నావు?" అంది ఆడపడుచు.

టైలరక్క మేకుల వంక చూసింది. తర్వాత టీచరుగారి వంక చూసింది. టీచరుగారు బల్ల మీద కప్పులు సర్దుతున్నారు, అవి సర్దే ఉన్నా.

"నేనే తీసేశాలే. ఓ చోట కుట్టు ఊడింది" అంది టైలరక్క.

"చెప్పానా! నీ పీలికలు గోడకెక్కడమేంటని" అని ఆడపడుచు పకపకా నవ్వింది. టైలరక్క కూడా నవ్వింది, చెంగు సర్దుకుంటూ.

ఒక్క మాట. "కాదు, నేనే తీశాను" అనే ఒక్క మాట. టీచరుగారి నోట్లోంచి రాలేదు. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. మ్యూజియం ఆవిడ గుమ్మం పక్కన నియమాన్ని రెండుసార్లు చదివి ఫోటో తీసుకుంది. "అన్నిటికన్నా నాకు నచ్చింది ఇదండీ" అని చెయ్యి కలిపి వెళ్ళింది. టీచరుగారికి తల తీసేసినట్టయింది.

బకెట్ల వెనకనుంచి గుడ్డ లాగితే ఒక మూల తడిసి ఉంది. ఆ మూలనే నల్లటి గుడ్డ పేలిక కనబడింది. గది తెరిచిన కొత్తలో కిటికీకి కట్టిన నల్ల తెరకు అంచు కుట్టింది టైలరక్కే. కత్తిరించిన ఆ ముక్కనూ దాచి, వీధితో పాటు ఈ గదినీ కలుపుకుంది.

గుడ్డ పట్టుకుని టీచరుగారు వీధి చివర టైలరక్క ఇంటికి పరుగులాంటి నడక నడిచారు. కుట్టుమిషను పక్కన వదినా ఆడపడుచులు టీ తాగుతున్నారు.

"నేనే తీశానక్కా" అన్నారు ఆడపడుచు వినేలా. "కుట్టేం ఊడలేదు."

చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నారు ఆవిడ. క్షమించమనడానికి మాటలు కూడా కూర్చుకుని వచ్చారు. టైలరక్క కప్పు కింద పెట్టింది.

"ఎందుకు తీశారు టీచరుగారూ?"

ఈ ప్రశ్నకు మాత్రం ఏమీ కూర్చుకుని రాలేదు. ఎన్ని అబద్ధాలు వెతికినా ఒక్కటీ దొరకలేదు.

"ఆ మ్యూజియం ఆవిడ ముందు... సిగ్గేసింది."

ఆడపడుచు నవ్వలేదు. వదిన మొహం చూడలేక వీధి వైపు తిరిగింది. ఈసారి తన ఇంట్లోనే, తనవాళ్ళ ముందు, టైలరక్క తల వంచుకుంది. అంతకుముందు అబద్ధంతో తన పరువూ టీచరుగారి పరువూ కలిపి కాపాడింది. టీచరుగారి నిజం రెండింటినీ పోగొట్టింది.

టైలరక్క గుడ్డ అందుకుని, తడిసిన మూల పిండి, మిషను మీద ఆరేసింది. తర్వాత చెయ్యి చాపింది.

"తాళాలివ్వండి. ఇవాళ ఊడ్చే వంతు నాది."