నురుగు లేని చోట

మావాడికి ఆఫీసులో సెలవు దొరకలేదు. పెళ్లాంతో వెళ్దామని కొన్న టికెట్లు వెనక్కి తీసుకోరట. "పోనీ నువ్వెళ్లమ్మా, తనకి తోడుగా ఉంటావు" అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమన్నట్టు నేనూ సరేనన్నాను. అలా నా కోడలితో కలిసి, చవగ్గా సర్ఫింగ్ నేర్పుతారని పేరున్న ఒక చిన్న దీవిలో దిగాను. సర్ఫింగంటే బోర్డు మీద నిలబడి అల మీద జారడమట. నేల మీద నిలబడటమే గొప్పయిపోయిన వయసు నాది. ఈతా రాదు.

మాది స్కూలు యూనిఫారాలు కుట్టే షెడ్డు. ఒక మూల నుంచి నేను అరిస్తే, మిషన్లన్నీ నడుస్తున్నా, చివరి మిషను మీద ఉన్నావిడ తలెత్తి చూడాల్సిందే. "మీ అమ్మకి ఫోను దండగరా, కిటికీ తెరిస్తే చాలు" అంటుంటారు మావారు. ఆ గొంతు చెల్లనిది ఒక్క మా కోడలి దగ్గరే. పెద్దగా మాట్లాడదు, ఎదురు చెప్పదు. "అలాగే అత్తయ్యా" అని నవ్వుతుంది, తను చేసేది తను చేస్తుంది. జుట్టు కత్తిరించుకున్నప్పుడూ అంతే, ఉద్యోగం మారినప్పుడూ అంతే.

పడవ దిగిన దగ్గర్నుంచీ నాకు భయమే. మా గది బోర్డులు బాగుచేసే కొట్టు వెనకాల ఉంది. ఒకదాని మీద ఒకటి ఇనప మంచాలు, తుడిచేకొద్దీ పక్కల మీద ఇసక, గోడ సందుల్లోంచి జిగురు కంపు. కిటికీ తెరిస్తే ఎదురుగా నడిమికి విరిగిన బోర్డులు కుప్పగా పడున్నాయి.

"ఇవేంటే, ఇలా విరిగాయి?"

"అలలకి విరుగుతాయి అత్తయ్యా. మామూలే."

"బోర్డులే ఇలా విరిగితే ఎముకల మాటేంటి?"

"ఎముకలు వంగుతాయిలెండి" అంది, తువ్వాలు భుజాన వేసుకుంటూ. నాకు నవ్వు రాలేదు.

నేర్పే మాస్టారు ఎండకు ముక్కు తోలు ఊడిన మనిషి. మనసులో ఆయనకి ముక్కు మాస్టారని పేరు పెట్టేశాను. అందర్నీ ఇసకలో బోర్డుల మీద బోర్లా పడుకోబెట్టి, లేపి, మళ్లీ పడుకోబెట్టి, చివరికి బోర్డు తాడు చీలమండకి కట్టించి నీళ్లలోకి తోలాడు. "నడుం లోతు దాటొద్దు. నురుగులోనే ఉండండి" అని ఒకటే పాట. నాకు ఒళ్లు మండింది. అలలు మనిషిని చావబాదే చోటుకే పంపిస్తాడేంటీయన?

నిజంగానే బాదాయి. కోడలు లేవడం, అల వచ్చి చెంప మీద కొట్టినట్టు కొట్టడం, ఆ పిల్ల మునగడం. ఒకసారి తేలేసరికి ముక్కులోంచీ నోట్లోంచీ నీళ్లు. దగ్గుతూ బోర్డు పట్టుకుని వేలాడుతోంది. నా ప్రాణం విలవిల్లాడిపోయింది. మాస్టారు అటు ఎవరినో లేపుతున్నాడు. ఇటు చూస్తే, కోడలికి కాస్త పక్కనే, ఒక సందులా నీళ్లు నల్లగా, నున్నగా ఉన్నాయి. ఒక్క అల లేదు, ఒక్క నురుగు లేదు. ఇంత చక్కటి చోటు పెట్టుకుని ఈ పాట్లెందుకు?

ఒడ్డున కూర్చున్నదాన్నల్లా లేచి నిలబడి షెడ్డు గొంతుతో అరిచాను. "ఆ పక్కకి పోవే! అక్కడ అలల్లేవు!"

కోడలు నా వంక చూసింది. ఆ నీళ్ల వంక చూసింది. తల ఊపి, బోర్డు మీద బోర్లా పడుకుని అటు వెళ్లింది. పెళ్లయ్యాక మొదటిసారి నా మాట విన్నది. చెప్పొద్దూ, నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఆ గర్వం ఎంతోసేపు లేదు. పిల్ల చిన్నదైపోతోంది. మొదట తనే వెళ్తోందనుకున్నాను. తర్వాత చూద్దును కదా, ఒడ్డు వైపు తిరిగి రెండు చేతులా నీళ్లు తోస్తోంది. చేతులు ఇటు తోస్తున్నాయి, బోర్డు అటు పోతోంది. రమ్మని పిలవడానికి గుండెల నిండా గాలి పీల్చాను.

ఇసక అంటిన అరచెయ్యి ఒకటి నా నోరు మూసేసింది. ముక్కు మాస్టారు, రొప్పుతున్నాడు.

"పిలవకండి! మీరు పిలిస్తే మీ వైపే ఈదుతుంది. ఈదీ ఈదీ చేతులు పడిపోతాయి. అలలతో వచ్చిన నీళ్లన్నీ ఆ నల్లటి సందులోంచే వెనక్కి సముద్రంలోకి పోతాయండీ. అందుకే కదా నురుగులో ఉండమంది!"

"మరి... మరి ఎలా?"

"పక్కకి, అలలు విరుగుతున్న చోటికి వెళ్లాలి. ఆ అలలే తెచ్చి ఒడ్డున పడేస్తాయి. తను మిమ్మల్నే చూస్తోంది. చెయ్యి అటు చూపిస్తూ నిలబడండి. దించకండి. నోరు మాత్రం తెరవొద్దు." బోర్డు చంకన పెట్టుకుని ఆయన నీళ్లలోకి ఉరికాడు.

చెయ్యి చాపాను. చూపించింది ఎటు? పొద్దున్నుంచీ నేను చూసి వణికిన ఆ తెల్లటి అలల వైపే. వద్దు తల్లీ, ఇటు రా, నా దగ్గరికి రా అని లోపల అరుస్తున్నాను. పైకి మాత్రం, అటు పో, అటు పో అంటోంది నా చెయ్యి. గొంతు దానంతటదే లేస్తుంటే తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. మావాడు ఫోను చేస్తే ఏం చెప్పాలి అన్న ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గేసింది. అక్కడ కొట్టుకుపోతున్నది మావాడి భార్య కాదు, ఆ పిల్ల. నేను పొమ్మంటే పోయిన పిల్ల.

చాలాసేపటికి బోర్డు పక్కకి తిరిగింది. తిరిగిందో లేదో, పెద్ద అల లేచి పిల్లని కప్పేసింది. బోర్డు నిటారుగా పైకి లేచి కనబడింది. పిల్ల కనబడలేదు. అప్పుడు కూడా చెయ్యి దించలేదు. దించితే ఇంక అయిపోయినట్టే అనిపించింది.

మాస్టారి తల కనబడింది. ఆయన పక్కన ఇంకో తల. తర్వాత ఇద్దరూ ఒకే బోర్డు మీద, నురుగులో దొర్లుతూ, దూరంగా రాళ్ల దగ్గర ఒడ్డున పడ్డారు.

నేను వెళ్లేసరికి కోడలు మోకాళ్ల మీద కూర్చుని నీళ్లు కక్కుతోంది. తాడు కోసుకుని చీలమండ నుంచి రక్తం. తువ్వాలు కప్పి దగ్గరికి తీసుకున్నాను. నా చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంది. పళ్లు టకటకలాడుతున్నాయి.

"మీరు ఒక్కసారైనా పిలవలేదేంటత్తయ్యా?" అంది. "మీ గొంతు వినపడకపోయేసరికి, ఇంక నా పనైపోయిందనుకున్నా."

మాస్టారు ఏదో చెప్పబోయాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "నేనే పంపించానే," అన్నాను. "నాకేం తెలుసని పంపించాను?" ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత రెండు రోజులు గది కదల్లేదు మేము. ఆ మర్నాడు పొద్దున్న మాస్టారు మళ్లీ బోర్డులు వరస పెడుతుంటే, చీలమండకి కట్టుతో కోడలు గుమ్మంలో నిలబడింది. ఒక కాలు బయట, ఒక కాలు లోపల.

"వెళ్లనా అత్తయ్యా?"

ఈ ఒక్క ప్రశ్న కోసం పెళ్లయిన దగ్గర్నుంచీ కాచుకుని కూర్చున్నదాన్ని. విన్నాక మాస్టారి వైపు చెయ్యి చాపాను.

"నన్నడక్కు తల్లీ," అన్నాను. "ఆయన్నడుగు."